నిండా నింపి పంపిన క్యాసెట్లు

ఆ గల్ఫు యుద్ధంలో మస్కట్ మీద ఒక్క బాంబూ పడలేదు. పడుతుందన్న మాట మాత్రం రోజూ పడింది. 1991 జనవరి నడిమికొచ్చేసరికి ఆ మాటకే సగం మంది బెదిరిపోయి పెళ్ళాం బిడ్డల్ని విమానం ఎక్కించేశారు. మిగిలిన సగం మంది కిటికీ అద్దాలకి అడ్డంగా కాగితపు పట్టీలంటించుకుని, బియ్యం బస్తాలు రెండేసి కొనిపెట్టుకుని, టీవీ ముందు కూర్చున్నారు. వాణి పనిచేసే బడి కూడా, ఎందుకొచ్చిన గొడవ అనుకుందేమో, బస్సులు నిలిపేసి తరగతులు మూసేసింది. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారంటే చెప్పే నాథుడు లేడు.

వాణిది అమలాపురం పక్క. మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలో మెకానిక్ షాపుల వెనక ఒక మేడలో, పై అంతస్తులో ఒక్కతే ఉండేది. ఆరో తరగతికి సైన్సు చెప్పేది. వయసు నలభైకి దగ్గరపడింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఈమధ్య అడగడం మానేశారు. అడిగినన్నాళ్ళూ విసుక్కునేది, మానేశాక అదీ ఒక లోటుగానే తోచింది. మనిషి బుద్ధి అంతే, ఉన్నప్పుడు వద్దంటుంది, లేనప్పుడు వెతుక్కుంటుంది.

ఎదురు ఫ్లాట్‌లో రామాంజనేయులుగారి కుటుంబం ఉండేది. ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మకి నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. పులిహోర కలిపినా పప్పుచారు కాచినా ఓ స్టీలు గిన్నెడు వాణి గుమ్మంలోకి రావలసిందే. వాణి ఆ గిన్నె కడిగి, ఒట్టిగా ఇవ్వకూడదు కనక, గుప్పెడు ఖర్జూరాలో కాస్త పంచదారో వేసి తిరిగిచ్చేది. డిసెంబరులో వాళ్ళూ ఊరెళ్ళిపోయారు. ఆ తరవాత ఆ అంతస్తులో తలుపు చప్పుడంటే వాణి తలుపుదే.

బడి మూసిన మొదటి వారం ఆమెకి నోరు తెరిచే పని పడలేదు. ఓ రోజు కిందకి దిగి కొట్లో పాల డబ్బా కొని, కుర్రాడికి థాంక్స్ చెబుతూ "షుక్రన్" అనబోతే గొంతులోంచి బొంగురు తప్ప మాట రాలేదు. ఆమెకి భయమేసింది. బాంబులకి వెయ్యని భయం అది. ఇలాగే ఇంకో నెల గడిస్తే తనకి మాట్లాడ్డం వచ్చునన్న సంగతి తనే మరిచిపోతుందేమో అనుకుంది. ఆ భయంలోంచి పుట్టిందే క్యాసెట్ల ఆలోచన.

గల్ఫులో క్యాసెట్టు అంటే పాటలు వినేది మాత్రమే కాదు. ఉత్తరం రాయడం రానివాళ్ళు, వచ్చినా రాయలేనన్ని మాటలున్నవాళ్ళు, టేప్‌రికార్డరు ముందు కూర్చుని అరగంట మాట్లాడి ఆ క్యాసెట్టునే ఊరెళ్ళేవాడి చేతికిచ్చి పంపుతారు. అమ్మకో మాట, పెళ్ళానికో మాట, అప్పులవాడికో మాట అన్నీ అందులోనే. ఇంట్లో మాట అలా సముద్రాలు దాటుతున్నప్పుడు పాఠం రెండు వీధులు దాటలేదా అనుకుంది వాణి. ఒక పక్క తను పాఠం చెప్తుంది, చివర నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. రెండో పక్క పిల్లలు జవాబులు చెప్పి వెనక్కి పంపాలి. బడివాళ్ళు కూడా, ఫీజులు అడగడానికి మొహం చెల్లుతుందనుకున్నారో ఏమో, పెట్టెలకి పెట్టెలు ఖాళీ క్యాసెట్లు కొనిచ్చారు.

వాటిని మోసే పని బడి బస్సు డ్రైవరు ఖాదర్‌వలి నెత్తికెత్తుకున్నాడు. అతనిది కడప జిల్లా రాయచోటి. బస్సు లేకపోతే అతనికీ రూమ్‌లో గోడలు తప్ప తోడు లేదు.

"నాకేం పని టీచరమ్మా, డ్యూటీ ల్యాకపోతే రూమ్‌లో పండుకుని పండుకుని నడుం పట్టేస్తాంది. ఇట్లియ్యండి. ఈ పక్క వాడి కబీర్, ఆ పక్క బౌషర్, ఆ మీద మవాలే. పొద్దున పోతే పన్నెండుకంతా ఇచ్చేసొస్తా" అన్నాడు.

వారానికి రెండు పాఠాలు వెళ్ళాయి. ఇచ్చినవి ఇచ్చినట్టే తిరిగొచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి ఖాళీగా రాలేదు. తరగతిలో చెయ్యెత్తమంటే బల్లకింద దాక్కునే పిల్లలు కూడా అరగంట టేపు చివరిదాకా నింపి పంపారు. వాణి పొంగిపోయింది. పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఇలాంటిది ఆమె చూడలేదు.

సరిగ్గా ఆ సమయంలోనే హైదరాబాదు నుంచి బడికి ఫ్యాక్స్ వచ్చింది. దూరం నుంచి చదువు చెప్పే పద్ధతుల మీద అక్కడి నుంచి ఒక పరిశోధన పత్రిక వెలువడుతుంది. గణపతి అనే ప్రొఫెసరుగారు దాని సంపాదకుడు. ఇలాంటి పత్రికల సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. వ్యాసం పంపితే దాన్ని ఇద్దరు పండితులకి చదవమని ఇస్తారు. ఒకాయన దిండు కింద పెట్టుకుని మరిచిపోతాడు, రెండో ఆయన ఎక్కడ పెట్టాడో మరిచిపోతాడు. అదంతా గడిచి అచ్చులో చూసుకునేసరికి రెండేళ్ళు దాటుతుంది. ఈలోగా ఆ పాఠం వినాల్సిన పిల్లలకి మీసాలొస్తాయి.

గణపతిగారికి ఈసారి అంత ఓపిక లేకపోయింది. తప్పు పట్టడానికీ లేదు. కువైట్ నుంచి కట్టుబట్టలతో వచ్చేసిన కుటుంబాల పిల్లలు వేలమంది మనదేశంలో బడి లేకుండా తిరుగుతున్నారు. వాళ్ళకి ఎలా చెప్పాలో తోచక టీచర్లు ఆయనకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మొదలెడితే ఎలా? అందుకని ఆయన ఒక ప్రత్యేక సంచిక తలపెట్టాడు. సంక్షోభంలో దూరం నుంచి పాఠం ఎలా చెప్పారో చేసినవాళ్ళే రాయాలి. ఇద్దరు పరీక్షకులకి బదులు ఒక్కరే. పోస్టు లేదు, అంతా ఫ్యాక్స్. వారంలో తీర్పు, నెలలో అచ్చు.

వాణి అయిదు రాత్రుల్లో వ్యాసం రాసేసింది. నలభైమంది పిల్లలు, అయిదేసి క్యాసెట్లు. ప్రతి క్యాసెట్టూ రెండో పక్క చివరిదాకా నిండి వచ్చిందని రాసింది. పిల్లల పేర్లు రాయకూడదు కనక నంబర్లు వేసింది. అందులో పద్నాలుగో నంబరు పిల్ల గురించి ప్రత్యేకంగా ఒక పేరా రాసింది. మొదటి క్యాసెట్టులో తడబడి, నసిగి, ఆగి ఆగి చెప్పిన ఆ పిల్ల అయిదో క్యాసెట్టుకి వచ్చేసరికి జవాబులన్నీ గడగడా, ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. టీచరు ఎదురుగా లేకపోయినా పిల్లలు తమంతట తామే నిలదొక్కుకుంటారనడానికి ఇంతకన్నా ఏం కావాలి అని ముగించింది.

ఆ పిల్ల పేరు సంధ్య. బౌషర్‌లో ఉంటుంది.

వ్యాసం వెళ్ళిన దగ్గర్నుంచి వాణి రోజూ పొద్దున్నే తలదువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని బడి ఆఫీసుకి వెళ్ళేది. అక్కడ ఫ్యాక్స్ యంత్రం తప్ప ఎవరూ ఉండరు. అది కిర్రుమంటే ఆమె గుండె ఝల్లుమనేది. గణపతిగారి నుంచి వచ్చే ప్రతి కాగితం 'వాణిగారికి' అని మొదలయ్యేది. ఈ భూమ్మీద ఎవరో ఒకరు తన మాట కోసం తొందరపడుతున్నారన్నది ఆమెకి కొత్త. ఆ కాగితాలు ఇంటికి తెచ్చుకుని, అన్నం తింటూ మళ్ళీ చదువుకునేది. నవ్వుకోండి, పరవాలేదు. ఒంటరిగా అన్నం తిన్నవాళ్ళెవరూ నవ్వరు.

ఓ ఉదయం పరీక్షకుడి ప్రశ్న వచ్చింది. ఒక్కటే ప్రశ్న. 'క్యాసెట్లన్నీ చివరిదాకా నిండి వచ్చాయని రచయిత్రి అంటున్నారు. వాటన్నిటినీ చివరిదాకా విన్నారా?' అడుగున గణపతిగారు చేత్తో రాశాడు, సాయంత్రంలోగా జవాబు కావాలి, మీ వ్యాసమే సంచికకి మొదటిది అని.

వాణి ప్రతి క్యాసెట్టూ పెట్టింది, అది నిజం. నాలుగు జవాబులూ వింది, అదీ నిజం. ఆ తరవాత టేపుని ముందుకి తిప్పి, చివర్లో కూడా గొంతు వినపడుతోందో లేదో చూసి, 'నిండింది' అని గుర్తు పెట్టుకుంది. మధ్యలో ఏముందో వినలేదు. రెండువందల క్యాసెట్లు కూర్చుని వినాలంటే నెల పడుతుంది, పత్రికవాళ్ళు ఇచ్చింది రెండు వారాలు. జవాబు అయిపోయాక పిల్లలు ఇంకా వివరంగా చెప్పి ఉంటారులే అనుకుంది. కాసేపు కలం పట్టుకుని కూర్చుని, చివరికి 'విన్నాను' అని రాసి ఫ్యాక్స్ చేసింది.

రెండోనాడే వ్యాసం అంగీకరించామని కబురొచ్చింది. దాని కింద ఇంకో మాట కూడా ఉంది. పునరావాసం చూసే ఒక సంస్థ ఈ వ్యాసం చూసి చాలా సంతోషించిందట. టీచర్లు దొరకని శిబిరాలకి ఇక టీచర్లని వెతకడం మానేసి, క్యాసెట్లే పంపాలని అనుకుంటోందట. వాణి ఆ కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. సంతోషంగానే ఉంది, కానీ లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంటోంది. విన్నానని రాసింది. వినలేదు. సరే, ఇప్పుడు వింటే ఆ మాట నిజమవుతుంది కదా అనుకుంది. దొంగ బుద్ధే, కాదనను. కానీ ఆ దొంగ బుద్ధే ఆమెని టేప్‌రికార్డరు ముందు కూర్చోబెట్టింది.

మధ్యాహ్నం టీ పెట్టుకుని మొదటి క్యాసెట్టు వేసింది. ఒక పిల్లాడు ఆకులు ఆహారం ఎలా తయారుచేసుకుంటాయో రెండు ముక్కల్లో తేల్చేసి, మిగతా టేపంతా క్రికెట్ వ్యాఖ్యానం చెప్పాడు. రెండు జట్లూ వాడే, అంపైరూ వాడే. రెండో క్యాసెట్టులో ఒక తల్లి పిల్ల చేత శ్లోకాలు చదివించింది. మూడోదాంట్లో కుక్కరు కూతలు, ఎవరో తాతగారి దగ్గు, హిందీ వార్తలు. ఒక తండ్రి ఏకంగా నిజామాబాదులో ఉన్న తన తల్లితోనే మాట్లాడేశాడు, "అవ్వా, మంచిగున్నవా, మోకాళ్ళ నొప్పులెట్లున్నయి" అని. వాణి పకపకా నవ్వింది. ఆ గదిలో తన నవ్వు తనకి వినపడి చాలా కాలమైంది. ఖాళీ ఫ్లాట్ నిండా చుట్టాలు దిగినట్టయింది.

అయితే నవ్వుతూనే ఒక సంగతి గమనించింది. వీటిలో ఎక్కడా పాఠం లేదు. మరి ఇంత శ్రద్ధగా చివరిదాకా ఎందుకు నింపారు? అది తేలకుండానే సంధ్య మొదటి క్యాసెట్టు చేతికొచ్చింది.

గ్రహణాల పాఠం అది. పిల్ల తడబడుతూ నాలుగు జవాబులూ చెప్పింది. ఆ తరవాత కాసేపు ఏమీ లేదు. ఆపైన ఒక ఆడమనిషి గొంతు, కడప యాస, ఇంట్లో పనిచేసే మనిషి కాబోలు.

"అయిపాయెనా? ఇంకా సగం టేపుండాది కదమ్మా."

"జవాబులైపోయాయి నసీమా. ఇంకేం చెప్పను?"

"ఏందో ఒకటి చెప్పు. ఎవురింటి గిన్నెయినా ఒట్టిది పంపిస్తామా యాడైనా? టీచరమ్మ పాఠం నింపి పంపిచ్చె. మనం సగం ఖాళీగా పంపిస్తే బాగుంటాదా?"

వాణి టీ కప్పు కింద పెట్టేసింది. అయ్యో, ఇంతేనా! నలభై ఇళ్ళలోనూ ఇదే జరిగింది. ఏ అమ్మో, ఏ అమ్మమ్మో, ఇంట్లో పనిచేసే ఏ మనిషో పిల్ల పక్కన నిలబడి, ఒట్టిగా పంపకూడదమ్మా అని ఉంటుంది. ఒక్క క్యాసెట్టు ఖాళీగా రాలేదని తను పట్టికలు గీసింది. ఏ దొరసానో రాసిందంటే తెలియక రాసిందనుకోవచ్చు. ఎదురింటి గిన్నెలో పంచదార వేసి ఇచ్చిన మనిషి, తను ఎలా పోల్చుకోలేదు? ఆమెకి సిగ్గేసింది.

టేపు ఇంకా తిరుగుతోంది. పిల్ల మాట్లాడుతోంది, ఈసారి జవాబుల్లా ఇంగ్లీషులో కాదు, తెలుగులో, నెమ్మదిగా.

"టీచర్, మా అమ్మ పాపని కనడానికి కడప వెళ్ళింది. విమానాలు సరిగ్గా లేవని రావట్లేదు. నాన్నకి ఆసుపత్రిలో డబుల్ డ్యూటీ. టీచర్, నాకో డౌట్. అమావాస్యకి చంద్రుడు సూర్యుడికి అడ్డం వస్తాడన్నారు కదా. అమావాస్య నెలనెలా వస్తుంది. మరి గ్రహణం నెలనెలా ఎందుకు రాదు? బుక్‌లో వెతికాను, లేదు. మీరు ఒకసారి ఫోన్ చేస్తారా? నంబర్ చెప్తాను, రాసుకోండి."

నంబరు రెండుసార్లు చెప్పింది. టీచరు రాసుకోవడానికి వీలుగా ఆగి ఆగి చెప్పింది.

వాణి రెండో క్యాసెట్టు పెట్టింది. జవాబుల తరవాత, "టీచర్, మీరు బిజీగా ఉన్నట్టున్నారు. పరవాలేదు. మొన్న అడిగాను కదా గ్రహణం, అదే. స్కూల్ ఉన్నప్పుడు ఇంటికొచ్చే టైమ్‌కి నేను రోజూ ఫోన్ దగ్గరే కూర్చుంటున్నాను." మూడోదాంట్లో, "టీచర్, నంబర్ తప్పు చెప్పానేమోనని మళ్ళీ చెప్తున్నాను." ఆ వెనకాలే నసీమా గొంతు, "అన్నం తిందువురామ్మా, ఆయమ్మకు ఎంతమంది పిల్లోళ్ళో, నీకే చేస్తాదా ఫోను?" నాలుగోదాంట్లో ఆ పిల్ల ప్రశ్న అడగలేదు, నంబరూ చెప్పలేదు. "టీచర్, మీరు ఇది వింటున్నారా?" అంది. అని ఆగింది. జవాబు కోసం ఆగినట్టే ఆగింది. టేపు చాలాసేపు ఊరికే తిరిగింది. ఆఖర్న మాత్రం "ఉంటాను టీచర్" అని వినపడింది.

అయిదో క్యాసెట్టు వాణికి బాగా గుర్తు. వ్యాసంలో రాసింది దాని గురించే. పిల్ల గడగడా జవాబులు చెప్పింది, ఒక్క తప్పు లేదు. ఆ తరవాత పుస్తకం తెరిచి, తరవాతి పాఠం మొదటి మాట నుంచి, ఊపిరి తీసుకోవడానికి తప్ప ఆగకుండా, టేపు అయిపోయేదాకా పైకి చదివేసింది. టీచర్ అన్న పిలుపు అందులో ఎక్కడా లేదు.

ఇదా నిలదొక్కుకోవడం! పిల్ల అడిగి అడిగి విసిగి, అడగడం మానేసింది. తను దానికి మార్కులు వేసింది. వాణి టేప్‌రికార్డరు పక్కనే కూర్చుని ఏడ్చింది. పిల్ల కోసం సగం, తన కోసం సగం. ఆ ఇంట్లో పిల్ల మోగని ఫోన్ పక్కన కూర్చుంది, ఈ ఇంట్లో తను పలకరించే మనిషి లేక కూర్చుంది. ఇద్దరి మధ్యా మాట ఉంది. నిండుగా, నంబరుతో సహా ఉంది. వినడానికి తనకి తీరికే లేకపోయింది.

సాయంత్రం బడి ఆఫీసుకి వెళ్ళి హైదరాబాదుకి ఫోన్ కలిపింది. గణపతిగారి గొంతు వినడం అదే మొదటిసారి. పెద్దమనిషి, మర్యాదస్తుడు.

"వాణిగారూ! మీ వ్యాసం ప్రెస్సుకి వెళ్తోందండీ రేపు. ఎంత మంచి పని చేశారో మీకు తెలీదు."

"అది ఆపాలండీ" అంది వాణి.

ఆమె చెప్పిందంతా ఆయన విన్నాడు. చివర్న పెద్దగా నిట్టూర్చాడు.

"నాకర్థమైంది. కానీ మీరూ నా అవస్థ చూడండి. వచ్చిన వాటిలో లెక్కలతో సహా ఉన్నది మీదొక్కటే. పోనీ ఓ పని చేద్దాం. కొన్ని క్యాసెట్లలో పాఠానికి సంబంధంలేని మాటలున్నాయని ఒక వాక్యం రాసి పంపండి. అడుగున చిన్న అక్షరాల్లో వేస్తాను."

"చిన్న అక్షరాల్లో ఎందుకండీ, అసలు సంగతే అది కదా."

"అయితే రేపు సాయంత్రంలోగా మొత్తం తిరగరాసి పంపండి. అలాగే వేస్తాను. ఇంతకంటే నేనేం చెయ్యను చెప్పండి?"

ఆయన ఇస్తానన్నది చిన్న విషయం కాదు. ఒక్క రాత్రి మేలుకుంటే వ్యాసం బతుకుతుంది, ఫ్యాక్స్ కాగితాలు వస్తూనే ఉంటాయి, తన పేరు అచ్చులో ఉంటుంది. కానీ ఏమని తిరగరాస్తుంది? తను విన్నది ఇంకా పట్టుమని పది క్యాసెట్లు లేవు. మిగిలినవాటిలో ఇంకెంతమంది ఏమడిగారో ఎవరికి తెలుసు? వినకుండా ఒకసారి రాసింది చాలు.

"మొత్తం వినాలంటే నెల పడుతుందండీ" అంది.

"నెలకి యుద్ధమే ఉండదమ్మా."

"పిల్లలుంటారు కదండీ."

"ఆ సంస్థవాళ్ళకి నేనేం చెప్పాలి?" అన్నాడాయన.

"టీచర్లని వెతకడం మానొద్దని చెప్పండి. క్యాసెట్టు మాట మోస్తుంది గానీ, వినదని చెప్పండి. నా వ్యాసం తీసెయ్యండి."

"మీ ఇష్టం" అన్నాడు గణపతిగారు. కోపంగా అనలేదు, పనుల్లో ఉన్న మనిషి అన్నట్టు అన్నాడు. ఫోన్ పెట్టేశాక వాణి అలవాటు కొద్దీ ఫ్యాక్స్ యంత్రం వంక చూసింది. ఇక అది తన కోసం కిర్రుమనదు. గదికి తాళం వేసి ఇంటికి నడిచింది.

బౌషర్‌కి ఫోన్ చేద్దామని ఆ సాయంత్రమే నంబరు సగం తిప్పింది కూడా. మళ్ళీ పెట్టేసింది. ఇన్నాళ్ళు నోరు మూసుకుని ఇప్పుడు ఫోన్‌లో ఏమంటుంది? మర్నాడు పొద్దున్నే ఖాదర్‌వలి రూమ్‌కి కబురు పెట్టింది. అతను స్నేహితుడి టాక్సీ అడిగి తెచ్చాడు.

"ఏంది టీచరమ్మా, ఈ పొద్దు క్యాసెట్లు ల్యావా?"

"లేవు. నేనే వస్తున్నాను."

"అదే మేలు" అన్నాడు ఖాదర్‌వలి. "నేను పోతే ఆ పాప బిరబిరా తలుపు తీసి నా యెనక చూసేది, ఇంకెవురన్నా వచ్చినారేమోనని. ఈ మధ్య చూడడం ల్యా. నసీమానే వచ్చి తీసుకుంటాంది."

దారిపొడవునా వాణి ఆ గ్రహణం సంగతి మనసులో సర్దుకుంటూనే ఉంది. చంద్రుడు తిరిగే దారి కాస్త వాలుగా ఉంటుందమ్మా, అందుకని చాలా అమావాస్యలకి సూర్యుడికి పైనుంచో కిందనుంచో జారిపోతాడు. ఒక దీపం, ఒక నారింజపండు, ఒక గోలీ ఉంటే చాలు, ఆ పిల్లకి చూపించెయ్యొచ్చు. పండూ గోలీ సంచిలో పెట్టుకుంది. మంచి ప్రశ్న. పదిహేనేళ్ళలో ఏ పిల్లా అడగని ప్రశ్న.

తలుపు నసీమా తీసింది. చూసి, ఒక్క క్షణం పోల్చుకోలేదు. పోల్చుకున్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "టీచరమ్మా! మీరేనా? పాపా, ఎవురొచ్చినారో చూడు!"

సంధ్య లోపలి గదిలోంచి వచ్చింది. తరగతిలో చూసినదానికన్నా సన్నబడింది. టీచర్ని చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నవ్వలేదు. చేతులు కట్టుకుని, తల ఎత్తి, గోడవంక చూస్తూ ఆ వారం పాఠంలోని మొదటి ప్రశ్నకి జవాబు అప్పజెప్పడం మొదలెట్టింది. ఒక్క తప్పు లేదు.

"వద్దమ్మా, వద్దు" అంది వాణి.

పిల్ల ఆగింది. "తప్పు చెప్పానా టీచర్?"

"తప్పు చెప్పలేదు. నువ్వు చెప్పింది నేను వినలేదు, అదే తప్పు. నిన్ననే విన్నాను, అన్నీ. ఫోన్ చెయ్యలేదు నేను. క్షమించు తల్లీ."

పెద్దవాళ్ళు క్షమించమంటే ఏమనాలో ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు మరి. నసీమా టీ పెడతానని లోపలికి వెళ్ళింది. వాణి నేలమీదే చతికిలబడి, సంచిలోంచి నారింజపండూ గోలీ తీసి ముందు పెట్టింది.

"గ్రహణం నెలనెలా ఎందుకు రాదని అడిగావు కదా. రా, చూపిస్తాను."

పిల్ల పండు వంక చూసింది, టీచరు వంక చూసింది. మర్యాదగా, నెమ్మదిగా అంది.

"ఆ పాఠం అయిపోయింది కదా టీచర్."

వాణి గదిలో దీపం వేసి, పండు చుట్టూ గోలీ తిప్పడం మొదలెట్టింది. కాసేపటికి పిల్ల వచ్చి ఎదురుగా కూర్చుంది. వాణి చూపించినంతసేపూ చూసింది, అర్థమైందా అంటే తలూపింది. నిజంగానే అర్థమైంది, ఆ సంగతి కళ్ళలో తెలిసింది. కానీ ఇంకో ప్రశ్న అడగలేదు. అడుగుతుందేమోనని వాణి టీ చల్లారేదాకా కూర్చుంది. నసీమా ఏవో కబుర్లు చెప్పింది, కడపలో పాప పుట్టిందట, తల్లి మార్చిలో వస్తుందట.

లేచేటప్పుడు, మళ్ళీ ఎప్పుడొస్తారని సంధ్య అడుగుతుందేమోనని గుమ్మంలో ఆగి చూసింది. అడగలేదు.

"రేపొస్తాను" అంది వాణే.

"సరే టీచర్" అంది సంధ్య, నమ్మకుండా, చాలా మర్యాదగా, తలుపు వేస్తూ.